అలమండ సంత లెక్క

త్రినాథ బావూ, ముందు ఆ తాళం కింద పెట్టు.
నాను రాకముందే ఇంజను తిప్పీమని ఎవుడు సెప్పేడు?
ఎనక మూత మీద సెయ్యెట్టేను, గోరెచ్చగుంది.
(ఇంజను ఎనకుంటాది దీనికి. ముందు తెరిసి
ఖాళీ గొయ్యి సూసి బెదిరిపోకు.)
ఇలాటిదాన్ని సల్లగున్నప్పుడు లేపాల,
పొద్దుటే, ఎవుడూ ముట్టకముందు.
నిద్దర్లోంచి లేచినోడు మొదట ఎలా దగ్గుతాడో
ఆడి ఒంట్లో సంగతి అంతా అందులోనే ఉంటాది.

మా అయ్య అలమండ సంతలో ఎడ్ల దళారీ.
తువ్వాలు కింద ఏళ్ళు కలిపి బేరం తెంపీవోడు.
కొమ్ములకి నూనె రాసినెద్దుని తోలుకొస్తే
కొమ్ముల కాసి సూసీవోడు కాదు.
"నడిపించరా ముందు" అనీవోడు.
నోరు తెరిపించి పళ్ళు సూసీవోడు, గిట్టలెత్తీవోడు,
తోక కింద కూడా, సిగ్గు పడకండా.
నీ పసుపు బండి ముక్కు మీదా ఎద్దు బొమ్మే కదా,
అదే సదువు సాలు.

ఇదిగో పళ్ళు: టైరు పక్కన నాలుగంకెలు.
ఏ వారం పుట్టిందో, ఏ సమచ్చరమో.
అరుగుదల నేదు, నిజమే. ఏడేళ్ళ రబ్బరు మరి.
పదకొండు వేల కిలోమీటర్లే తిరిగిందని మురిసిపోతన్నావు.
కట్రాట కాడే నిలబెట్టీసిన గొడ్డుకీ
కాళ్ళు పడిపోతాయి బావూ.

సీటు బెల్టు సివరిదాకా లాగేను.
బురద గీత నేదు. వరద సూడనేదు,
అదొక్కటీ మంచి మాట.
క్లచ్చు ఎంత మిగిలిందో కంపెనీ కంప్యూటరు సెప్తాది,
ఆ కాయితం తెమ్మను. "పోయింది" అంటే
పోయింది కాయితం కాదని తెలుసుకో.

కొనీ ధర అడిగేవు. మేపీ ధర అడిగేవా?
నాలుగు బ్రేకులు మారిస్తే
నీ జీడిపిక్కల లారీ ఒకటి సరుకుతో సహా ఎల్లిపోతాది.
సర్వీసుకి దీన్ని ఇంకో లారీ ఎక్కించి హైదరాబాదు పంపాల.
ఏనుగుని కొన్నోడు అంకుశం కాడ బేరమాడితే
ఏనుగు కూడా నవ్వుతాది.
పొట్టకీ నేలకీ మద్దిన నాలుగేళ్ళు.
కాశీబుగ్గలో మీ సందు మొగని స్పీడు బ్రేకరు
ఎన్నేళ్ళ ఎత్తో కొలిసేవా ఎప్పుడేనా?

సరే. ఇటు రా. ఎడం తలుపు.
ఏలు మడిసి పైన కొట్టు: టంగుమంది.
కింద కొట్టు.
ఇన్నావా? దబ్.
అది లప్పం. అయస్కాంతం అంటుకోదు ఈ రేకుకి,
సెవే దిక్కు.
మడత కాడ అంచు సూడు,
బొటనేలి మందాన గుండ్రంగా తిప్పీసుంది.
విజీనారం మొత్తమ్మీద అంచు అలా తిప్పీవోడు
ఒక్కడే ఉన్నాడు, దాసన్నపేటలో.
నాను.

రెండేళ్ళయింది. రాత్రి పదింటికి
బుచ్చిబాబే తెచ్చేడు, షట్టరు దింపించేడు.
డివైడరు తగిలిందన్నాడు.
మూడు రాత్రులు తోమేను, రంగు కలిపేను,
నాకే గుర్తు తెలీనంత.
పద్దెనిమిది వేలిచ్చి
"ఎవుడడిగినా నేదను" అని నవ్వేడు.
నవ్వేను నానూ.
మా అయ్య బతికుంటే
ఆ పూట కొమ్ములకి నూనె రాసిన సెయ్యి
ఎవుడిదో అడిగుండీవోడు.

అదిగో, ఇప్పుడు గేటు కాడ
మోగని ఫోనెత్తి మాటాడుతన్నాడు.

కొనొద్దనను. సెడ్డ బండి కాదు, దెబ్బ తిన్న బండి.
మనసు పడ్డావు, కళ్ళలో కనిపిస్తంది,
అదే ఆడు ఇందాకట్నించి సూస్తన్నాడు.
ఆ కళ్ళు కాసేపు గోడ ఏపు తిప్పు.
దెబ్బ ధరలో తెగాల, అంతే.
నాకు కూలియ్యకు. ముందే తీసీసుకున్నాను, ఆడి కాడ.

ఆ తువ్వాలు ఇలాగియ్యి. సెయ్యి లోపలెట్టు.
నాను ఎన్నేళ్ళు పట్టుకుంటే
అన్ని లచ్చలు దింపమను.
గోళ్ళలో గరుకు తగిలితే పట్టించుకోకు,
లప్పం. ఎంత తోమినా పోదు.